ఫ్యాను ముందుకు జరిగిన సెన్సారు

మా తమ్ముడి కొడుకు యుగేందర్ కష్టపడి సాధించిన మొదటి గెలుపు వడ్లు తూర్పార పట్టే ఫ్యాను. పాత కూలరు మోటారుతో చేశాడు. మొదటిసారి వడ్లను ఫ్యాను వెనుక పోయించాడు, తాలు కదలలేదు. రెండోసారి ముందు పోయించాడు గానీ మరీ దగ్గర కావడంతో తాలుతోపాటు గట్టి గింజలూ పక్కవాళ్ల కల్లంలో పడ్డాయి. మూడోసారికి కుదిరింది. మా రేగొండ చుట్టుపక్కల ఊళ్లవాళ్లు వచ్చి చూసిపోయారు. ఏ పనైనా ఫ్యాను ముందే జరగాలి, వెనుక ఏమీ ఉండదు అన్న పాఠాన్ని మావాడు ఆ తరువాత విడిచిపెట్టలేదు.

మిగతా ఘనతలూ చెప్పాలి. ఇద్దరు మెకానిక్కులు చేతులెత్తేసిన ట్రాక్టరును నడిపించాడు. ఊళ్లో మిక్సీలన్నీ వాడి చేతిమీదుగానే తిరుగుతున్నాయి. తిరగనివి కూడా వాడి చేతిమీదుగానే ఆగాయి.

ఈ యాసంగి కోతలప్పుడు వాడికి మొగుళ్లపల్లి నుంచి సంబంధం వచ్చింది. అమ్మాయి పేరు సంధ్య. వాళ్ల నాయిన ఎల్లయ్య అడిగింది ఒక్కటే: “పిలగానికి పని వస్తదా?” మాట ఖాయం చేసుకోవడానికి పెద్దమనుషులం పోవాలని తండా ప్రేమ్‌చంద్ కారు మాట్లాడాం.

కారేమో లాగడం లేదు. రోడ్ల మీద ఆరబోసిన వడ్ల పక్క నుంచి తిరిగి తిరిగి దాని గాలి ఫిల్టరు నిండా దుమ్ము చేరింది. మావాడు ఫిల్టరు దులిపాడు, కారు లేచి ఉరికింది. అక్కడ ఆగి ఉంటే నేనూ ఇక్కడే ఆగేవాణ్ని.

ఫిల్టరు తరువాతి గొట్టంలో వాడికి ఒక చిన్న సెన్సారు కనిపించింది. ఇంజనులోకి ఎంత గాలి పోతుందో కొలిచేది అదే. ఆ లెక్కను బట్టే డీజిలు పడుతుంది. దాని అవతల టర్బో ఉంది, గాలిని పీల్చి, ఒత్తి ఇంజనులోకి నెట్టే ఫ్యాను. అంటే సెన్సారు ఫ్యాను వెనుక ఉందన్నమాట.

“కంపెనోళ్లకు కల్లం తెల్వదన్నా,” అన్నాడు ప్రేమ్‌చంద్‌తో. “ఫ్యాను ఎనుక వడ్లు పోస్తరా ఎవలన్న?”

“మంచిగనే నడుస్తుంది గదా తమ్మీ, ఇడిసిపెట్టు.”

“ఇప్పుడు నడుస్తుంది. రేపు ఉరుకుతది.”

టర్బోకూ ఇంజనుకూ నడుమ గొట్టానికి బెజ్జం కొట్టి, తీగలు పొడిగించి, సెన్సారును అక్కడ బిగించాడు. పాత బెజ్జం మూశాడు. కొబ్బరికాయ కొట్టాడు. కొబ్బరికాయ కొట్టిన బండిని మళ్లీ పరీక్షించడం అమంగళమని నడిపి చూడలేదు.

మర్నాడు మావాణ్నీ ఎక్కించుకొని బయలుదేరాం. ఊరు దాటకముందే కారు నల్లటి పొగ వదిలింది. టర్బో ఒత్తి వేడెక్కించిన గాలిలో సెన్సారు లెక్క తప్పింది, డీజిలు అడ్డదిడ్డంగా పడింది. ఒక గొర్రెల మంద మమ్మల్ని దాటిపోయింది. కాపరి మర్యాదస్తుడు, వెనక్కి చూడలేదు.

“పొగ పోయినకొద్దీ ఇంజను సాఫ్ అయితది పెద్దబాపూ,” అన్నాడు మావాడు.

మొగుళ్లపల్లిలో ఎల్లయ్య ముక్కుకు తువ్వాల అడ్డం పెట్టుకొని మాకు ఎదురొచ్చాడు. సంధ్య నాయనమ్మ వజ్రమ్మ నేరుగా కారు దగ్గరికే వచ్చింది.

“ఏంది బిడ్డా గిది? దోమల మందు కొట్టే బండా?”

మావాడు బానెట్ ఎత్తి కల్లం, ఫ్యాను, సెన్సారు అన్నీ విడమరిచి చెప్పాడు. ఆమె ఓపికగా విన్నది.

“ఆ బుడ్డది ఏం జేస్తది?”

“గాలిని కొలుస్తదవ్వా.”

“అయితే అది వడ్లు కాదు, కాంటా. కాంటను ఫ్యాను ముందట వెడితే తూకం నిలుస్తదా?”

మావాడు బానెట్ దించాడు. మా పెద్దమనుషుల్లో ఒకాయన వానల ముచ్చట ఎత్తుకున్నాడు.

చాయ్ తాగినంక ఎల్లయ్య నాతో అన్నాడు: “పని రాదంటలేనన్నా. సగం వచ్చింది. వరంగల్‌ల మా దోస్తు గ్యారేజీ ఉన్నది. మిగిలిన సగం నేర్చుకొని రమ్మను, అప్పుడు ఖాయం చేసుకుందాం.”

తలుపు చాటు నుంచి సంధ్య అన్నది: “వచ్చేటప్పుడు బస్సుల రమ్మనుండ్రి.”

ఆ పిల్ల నవ్వింది. సంబంధం ఇంకా బతికే ఉందని నాకు అప్పుడు తెలిసింది.

తిరుగు దారిలో సెన్సారును తుడిచి పాత చోట బిగించి, కొత్త బెజ్జం మూసి, మమ్మల్ని పొగ లేకుండా ఇల్లు చేర్చింది కూడా మావాడే. ఆ ఘనత వాడికి దక్కాలి. ఇప్పుడు వరంగల్‌లో ఉన్నాడు. ఆ గ్యారేజీ తలుపు తప్పు దిక్కుకు పెట్టారని మొన్న ఫోనులో చెప్పాడు. తిరిగి వచ్చినప్పుడు బస్సు దిగేది రేగొండలో కాదు, మాట ఖాయం చేసుకోవడానికి నేరుగా మొగుళ్లపల్లిలో, శ్రావణం మొదటి శుక్రవారం, ఆగస్టు పద్నాలుగున.