తెల్లచొక్కా కాజాలు

“...తెల్లబట్ట పనున్న రోజుల్లోనైనా ఆ పసుపు మానమంటే వినవు కదా!”

“మానితే వేళ్లు ముడుచుకోవు. అప్పుడు కాజాలెవరు కుడతారు, మీ తాతగారా?”

“పైకి పోయినాయన్ని కిందికి లాగకు.”

టైలరు మాస్టరు చొక్కాను భార్య ముందు బల్ల మీద పరిచాడు. మూడో కాజా పక్కన గోరంత పసుపు మరక.

“తడిపి ఎండలో వేస్తే పోతుంది. నువ్వు ముట్టుకోకు,” అని చెప్పి బొత్తాల కోసం బజారుకు వెళ్లాడు.

ఆ కొట్టులో కత్తిరింపు ఆయనది, కాజాలు ఆమెవి. కాపురానికి వచ్చిన కొత్తలో అత్తగారు దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పిన పని. కాజాలకు మిషన్లు వచ్చాక కూడా చేతికుట్టే కావాలనేవాళ్లు వెతుక్కుంటూ వచ్చేవారు. వీధిలో చాలామందికి ఆమె పేరు తెలియదు; కాజాలమ్మ అంటే చాలు.

రెండేళ్లుగా వేళ్ల కణుపులు వాస్తున్నాయి. పడుకోబోయే ముందు నూనెలో వెచ్చచేసిన పసుపు పట్టించి, పాతగుడ్డ చుట్టుకునేది. పొద్దున్నే పాలలో ఇంకో చిటికెడు. “పసుపు వద్దనను. కానీ అరిగిన కీలు తిరిగి రాదమ్మా,” అన్నాడు డాక్టరు, మందులు రాసిస్తూ. అందులో మొదటి మాటే ఆమె ఇంటికి తెచ్చుకుంది.

ఆయన తిరిగొచ్చేలోగా మరక లేకుండా చేసేయాలనుకుంది. కాపురానికి వచ్చింది మొదలు బట్టలతోనే బతికిన మనిషి, కంగారులో సబ్బు రుద్దింది. పసుపు కాస్తా ఎర్రబడి నెత్తుటి చారలా పాకింది.

మిగతావాటికీ అంటిందేమోనని, అప్పగించడానికి మడతపెట్టి ఉన్న చొక్కాలు విప్పింది. మరకలు లేవు. కాజాల మీద వేలు పెట్టి చూసింది. ముడులు బారుగా, బిగువుగా ఉన్నాయి. కానీ కుట్టు తను కుట్టే వైపు కాకుండా అటునుంచి ఇటు నడిచింది. మాస్టరుది ఎడమచేతి వాటం. ఆయన సూది పడితేనే కుట్టు అలా తిరుగుతుంది. అంచుల్లో ఊడదీసిన తన కుట్టు చిల్లులు సన్నగా కనిపిస్తున్నాయి. రెండో చొక్కా చూసింది, మూడోదీ చూసింది. అన్నీ అంతే.

మాస్టరు గుమ్మంలోకి వస్తూనే ఎర్రమరక చూశాడు.

“అయ్యో, సూది గుచ్చుకుందా?”

“సబ్బు పెట్టాను.”

అప్పుడు బల్ల నిండా విప్పి ఉన్న చొక్కాలు ఆయన కంటపడ్డాయి. బొత్తాల పొట్లం చేతిలోనే ఉండిపోయింది.

“ఎప్పట్నుంచి?” అంది ఆమె.

“చలికాలం నుంచి. మధ్యాహ్నం నువ్వు వంటకు వెళ్లినప్పుడు.”

“ఒక్కమాట చెప్పలేదే.”

“ఏమని చెప్పను? పొద్దున్నే గుడ్డ విప్పి, వేళ్లు ముడిచి చూపిస్తావు. ఇవాళ కాస్త నయమండీ అంటావు. అంత సంబరంగా చెప్తుంటే నాకు నోరు రాలేదు.”

ఆమె చొక్కాలను ఒక్కొక్కటిగా మళ్లీ మడతపెట్టింది. కాలర్లు సరిచేసింది. చివరి చొక్కాకు వేళ్లు పట్టుతప్పాయి. మాస్టరు చెయ్యి ముందుకు రాబోయి ఆగిపోయింది. ఆమె అరచేతులతోనే నొక్కి మడత పూర్తిచేసింది.

“రేపట్నుంచి కాజాలు మిషనతని దగ్గరకు పంపండి,” అంది.