ఒక్కడే మిగిలిన సూదిపని సంఘం

మా ఎదురింటి మేడ మీద గదిలో కాజాలాయన ఉంటాడు. చొక్కాకి బొత్తాం దూరే కంతని కాజా అంటారు. దర్జీలు చొక్కాలు కుట్టి, కాజాలకి ఆయన దగ్గరికి పంపేవాళ్లు. చేత్తోనే కుట్టేవాడు, ముడి ఎక్కడుందో వెతికినా దొరకదు. ఆయన కిటికీ మా కిటికీకి ఎదురు. నేను చూడాలని చూడను గానీ, కళ్లున్నాక కనబడతాయి కదా.

దర్జీల సంఘం పెద్ద ఈయనకి స్వయానా బావ, భార్యకి అన్నగారు. భార్య పోయి చాలాకాలమైనా చుట్టరికం పోలేదు. ఏడేళ్ల కిందట ఆ సంఘం, మిషను ఉన్నవాడికే ఓటు, సూదిపని వాళ్లకి లేదు అని తీర్మానించింది. "అయితే మీ చొక్కాల్ని పిన్నీసులతో పెట్టుకోండి" అనేసి ఈయన లేచి బయటికొచ్చాడు. వెనక పదిమంది నడిచారు.

ఇక చూడండి మాటలు! బావ వాళ్లని చీలికవాళ్లన్నాడు. సంఘం కాగితాల్లో అసమ్మతి వర్గమని రాశారు. టీకొట్టు దగ్గర వేరుకుంపటి వాళ్లు. కోపమొచ్చినప్పుడు ముఠా. వీళ్లు మాత్రం బోర్డు మీద 'అసలైన సూదిపని సంఘం' అని రాయించుకున్నారు. విడిపోయినవాళ్లు ఎక్కడా విడిపోయామనరు, మేమే అసలు, దారి తప్పింది అవతలివాళ్లంటారు. మా తోడికోడలు వేరు పడ్డప్పుడూ అదే పాట.

మూడేళ్లు తిరక్కుండానే ఒక్కొక్కరే వెనక్కి జారుకున్నారు. అలా వెళ్లినవాడు ఇటువాళ్లకి గోడదూకినవాడు, అటువాళ్లకి సొంతగూటికి చేరినవాడు. మనిషి ఒకడే. చివరికి కాజాలాయన ఒక్కడే మిగిలాడు. పెద్ద సంఘం దుకాణాలు ఆయనకి చొక్కాలు పంపడం మానేశాయి. పాత వాడుకవాళ్లు నలుగురైదుగురు తప్ప ఆ మెట్లెక్కేవాళ్లు లేరు.

అయినా నెల మొదటి ఆదివారం పదకొండు మడతకుర్చీలు వేసేవాడు. గంటసేపు కూచునేవాడు. మళ్లీ మడిచేవాడు.

"ఏం తమ్ముడూ, మీటింగయిందా?" అని కిటికీలోంచి అడిగేదాన్ని.

"కోరం లేదక్కా. వాయిదా."

నాలుగేళ్లు అదే జవాబు.

పోయిన నెల బావ మేడెక్కాడు. చక్కెర అడిగే వంకతో నేనూ ఎక్కాను.

"ఒరేయ్ మొండీ, సూదిపని వాళ్లకీ ఓటిచ్చేశాం. మా పనిగదిలో కాజాలకి మనిషి కావాలి. నీ సంఘం రద్దయిందని కాగితం తెచ్చి ఆ చోట్లో కూచో."

"రద్దు చెయ్యాలంటే మీటింగు జరగాలి బావా. ముగ్గురుండాలి. అది రూలు."

"ఆ రూలు రాసిందెవడు?"

"నేనే."

"ముగ్గురూ వచ్చారని రాసెయ్యి. చూడొచ్చేదెవడు?"

"నేను చూస్తాను కదా."

బావ తల కొట్టుకున్నాడు. "ఆదివారం దాకా ఆగుతాను. తర్వాత ఆ చోటు ఇంకొకడికి" అని దిగిపోయాడు.

కాజాలాయన సూదిలోకి దారం ఎక్కిస్తూ మూడుసార్లు తప్పాడు. ఆ వయసులో ఇంకెవరు పనిస్తారు? నాకు ఉండబట్టలేదు.

"కొత్తవాళ్లని చేర్చుకోకూడదా తమ్ముడూ?"

"చేత్తో ఒక్క కాజా కుట్టి చూపిస్తే ఎవరైనా చేరొచ్చు."

మా కోడల్ని లాక్కొచ్చాను. "ఇంట్లో పని చాలదా అత్తయ్యా?" అని సణిగింది గానీ, రెండోరోజుకే దాని కాజా ముచ్చటగా కుదిరింది. నాది ఆయన వెలుతుర్లో పట్టుకుని చూశాడు.

"ఇది కాజా కాదక్కా, కప్పనోరు. విప్పి మళ్లీ కుట్టు."

"నీ పని కోసం నా వేళ్లన్నీ తూట్లయ్యాయి. పోనీలే అనొచ్చుగా!"

"పోనీలే అంటే రూలెందుకు?"

నాలుగో కాజాకి చేర్చుకున్నాడు.

ఆదివారం పొద్దున మూడు కుర్చీలు వేశాడు. ఉతికిన చొక్కా తొడుక్కుని "గౌరవ సభ్యులారా" అని మొదలుపెట్టేసరికి కోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తీర్మానం మొత్తం చదివాడు. "రద్దు చెయ్యాలనేవాళ్లు చేతులెత్తండి" అన్నాడు.

మేమిద్దరం ఎత్తాం. ఆయన చెయ్యి మోకాలి మీదే ఉంది.

"తమ్ముడూ, నువ్వూ ఎత్తు!"

"నా ఓటు నా ఇష్టమక్కా."

పుస్తకంలో రాశాడు: అనుకూలం ఇద్దరు, వ్యతిరేకం ఒకరు, తీర్మానం నెగ్గింది. కోడలు నా చెవిలో, "ఇప్పుడీయనే అసమ్మతి వర్గమా అత్తయ్యా?" అంది. గిల్లాను.

మా చేత సంతకాలు పెట్టించుకుని, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. సాయంత్రం బావకిస్తానన్నాడు. మేం లేవబోయాం.

"ఇంకాసేపు కూచోండక్కా. మీటింగు త్వరగా అయిపోయింది."

కూచున్నాం.