ఎండకు వంగిన రికార్డు

మొయినాబాదు నుంచి చేవెళ్లకు పోయే రోడ్డు మీద రోజుకు నాలుగైదు బస్సులు, కొన్ని లారీలు తప్ప ఏమీ కనబడని కాలం అది. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. ఆ రోడ్డు పక్కన ఒక చిన్న క్రైస్తవ మిషను దవాఖాన ఉండేది. మా నాయనమ్మ అందులో వంట చేసేది. ఆమెను మేము అవ్వ అని పిలిచేవాళ్లం. ఎండాకాలం సెలవులు రాగానే, సురంగల్‌లోని మా ఇంటి నుంచి పొద్దున్నే అవ్వ వెంట నేనూ నడిచి వెళ్లేదాన్ని.

దవాఖానలో ఒక ఫ్రాన్సు నర్సు ఉండేది. అందరూ ఆమెను దొరసానమ్మ అనేవారు. ముప్పై ఏళ్లు కూడా ఉండవేమో. నూలు చీర కట్టి, కాళ్లకు రబ్బరు చెప్పులు వేసుకుని, పుండ్లు కడిగి కట్లు కట్టేది. తెలుగు కష్టపడి నేర్చుకుంది. జ్వరం, నొప్పి, మాత్ర, భయం లేదు అనే మాటలు బాగా వచ్చేవి. మిగతావి వెతుక్కుంటూ మాట్లాడేది. నేనంటే ఆమెకు ఇష్టం. నాకు దూది ఉండలు చుట్టడం నేర్పింది.

ఆ ఏడు ఎండలు ముదిరే వేళకు ఆమెకు ఒక ఉత్తరం వచ్చింది. అది చదివి లోపలికి వెళ్లి, కాసేపటికి ముఖం కడుక్కుని వచ్చి మళ్లీ పనిలో పడింది. ఏమైందని ఎవరూ అడగలేదు. తెల్లవాళ్లను అలాంటివి అడగవచ్చో లేదో మాకు తెలియదు. ఆ రోజు నుంచి మధ్యాహ్నం రోగులు తగ్గగానే గది తలుపు దగ్గరికి వేసుకుని రికార్డు పెట్టేది. ఆమె దగ్గర సూట్‌కేసులా మూత తెరుచుకునే రికార్డు ప్లేయరు ఉండేది. పెట్టింది ఎప్పుడూ ఒక్కటే రికార్డు.

అలాంటి సంగీతం అంతకు ముందు నేను వినలేదు. మా చర్చిలో హార్మోనియం, డోలకు తెలుసు, పెళ్లి బ్యాండు తెలుసు. ఇది వాటి వేటి లాగానూ లేదు. ఒక్కో పాట పావుగంట సాగేది. మొదట ఎక్కడో దూరంగా గాలి వీస్తున్నట్టు ఒక వాయిద్యం, ఆ తర్వాత వేణువు, ఆ పైన ఒక మగ గొంతు, పక్కన కూర్చుని చెబుతున్నట్టు మెల్లగా. ఉన్నట్టుండి డ్రమ్ములు, గిటార్లు మీద పడేవి. గోడ అదిరేది. అంతా ఒక్కసారిగా ఆగిపోయి మళ్లీ వేణువు మిగిలేది. ఒక్క ముక్క అర్థం కాకపోయినా నేను తలుపు దగ్గరే నిలబడిపోయేదాన్ని. తలుపు సందులోంచి చూస్తే దొరసానమ్మ మంచం పట్టె మీద కూర్చుని ఏడుస్తూ ఉండేది.

రోజూ ఇదే. నాకు భరించడం కష్టమైంది. మామిడికాయ ఉప్పూకారం పెట్టి తీసుకెళ్లాను. తిని థాంక్స్ చెప్పింది, తలుపు వేసుకుంది. కోతిలా గెంతి చూపించాను. నవ్వింది, తలుపు వేసుకుంది. అప్పుడు నా తొమ్మిదేళ్ల బుర్రకు ఒక ఉపాయం తోచింది. పాట వల్లే ఏడుస్తోంది కాబట్టి, పాట లేకుండా చేస్తే ఏడవదు.

ఆమె ఇంజక్షన్లు ఇచ్చే గదిలో ఉన్నప్పుడు అట్టలోంచి రికార్డు తీసి గోనెసంచిలో చుట్టాను. వంటింటి వెనుక కట్టెల కొట్టం ఉండేది. నిచ్చెన ఎక్కి, దాని రేకుల మీదైతే ఎవరూ చూడరని అక్కడ పెట్టాను. ఆ మధ్యాహ్నం దొరసానమ్మ ఖాళీ అట్ట పట్టుకుని అందరినీ అడిగింది. నన్ను కూడా అడిగింది. తెలియదన్నాను. గది అంతా వెతికి, మంచం కింద దీపం పెట్టి చూసి, అలాగే నేల మీద కూర్చుండిపోయింది. పాట లేకపోయినా ఏడుస్తూనే ఉంది. అది నేను అనుకోలేదు.

రెండు రోజులు నాకు అన్నం సయించలేదు. మూడో రోజు అవ్వ నన్ను పొయ్యి పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఏమైంది బిడ్డా? నిజం జెప్పు. గా రికార్డు నువ్వే దీస్నవా?"

తల ఊపాను. ఆమె తిట్టలేదు. నిచ్చెన వేసి పైకెక్కి సంచి దింపింది. రేకులు కాలిపోతున్నాయి. సంచి విప్పితే లోపల రికార్డు నూనెలో వేసిన అప్పడంలా మెలికలు తిరిగి ఉంది. దాన్ని చూసి నేను ఏడుపు మొదలుపెట్టాను. అవ్వ ముఖం తెల్లబోయింది. అయినా పని తెలిసిన మనిషి కదా, ఏ వస్తువైనా చేతులతో బాగుచేయవచ్చని నమ్మేది. పెరట్లో రెండు షాబాదు నాపరాతి బండలు ఉంటే, కింద ఒకటి వేసి, రికార్డు పెట్టి, పైన రెండోది మెల్లగా దింపింది. వంపు సాఫు కావాలని దాని మీద రెండు చేతులూ ఆనించి నొక్కింది.

టప్పుమని చప్పుడైంది.

బండ లేపితే అంచు నుంచి నడుమ దాకా పగులు. అవ్వ పగులును వేళ్లతో దగ్గరికి నొక్కి చూసింది, కలవలేదు. నా అవ్వకు ఏం చేయాలో తోచకపోవడం నేను అప్పుడే మొదటిసారి చూశాను. అది నన్ను అన్నిటికంటే ఎక్కువ భయపెట్టింది. పారేద్దాం, ఎవరికీ తెలియదు అన్నాను. అవ్వ నా చెయ్యి పట్టుకుని దొరసానమ్మ గదికి నడిపించింది. గడపలో నిలబడి చెప్పింది.

"అమ్మా, నా పిల్ల దీన్ని ఎండల వెట్టింది. నేను బండ వెట్టి ఇరగ్గొట్టిన. ఇద్దరం జేసినం."

దొరసానమ్మ రికార్డును రెండు చేతుల్లోకి తీసుకుంది. పగులు మీద బొటనవేలు రాసింది. "ఇది నా తమ్ముడు," అంది.

ఆమెకు తెలుగు సరిగా రాక అలా అందనుకున్నాను. ఆమె లోపలికి వెళ్లి అట్ట తెచ్చింది. వెనుక వైపు పొడుగు జుట్టు కుర్రాళ్లు ఐదుగురు ఒక రైలు పట్టా పక్కన నిలబడిన ఫొటో ఉంది. చివరివాడి మీద వేలు పెట్టింది. పాడేది వాడేనట. కారు చెట్టుకు గుద్దుకుని పోయాడట. ఉత్తరం ఇక్కడికి చేరేసరికే వాళ్ల ఊళ్లో మట్టి చేసేశారట. ఈ మాటలన్నీ ఆమె ఒక్కొక్కటే వెతుక్కుని చెప్పింది. మట్టి అనే మాట దొరక్క చేత్తో చూపించింది. ఆ తర్వాత లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. లోపలి నుంచి వాళ్ల భాషలో పెద్దగా అరుపు వినిపించింది.

నేను అవ్వ కొంగు లాగాను.

"పోదాం అవ్వ."

"ఏడికి వోతం?"

"ఈడుండి మనం ఏం జేస్తం?"

"ఏం జెయ్యం. కూసుంటం."

వరండా మెట్టు మీద కూర్చున్నాం. ఆ సాయంత్రం తలుపు తెరుచుకోలేదు. చీకటి పడే ముందు లేచి ఇంటికి నడిచాం. మర్నాడు దొరసానమ్మ మామూలుగా కట్లు కట్టింది, నా వైపు చూడలేదు. పని అయ్యాక తలుపు వేసుకుంది. మేము వెళ్లి కూర్చున్నాం. ఆ మర్నాడూ అంతే. అవ్వ మెంతికూర తుంపుకునేది, నా తలలో పేలు చూసేది, ఒక్కోసారి ఊరికే కూర్చునేది. లోపలికి ఒక్క మాట కూడా పంపలేదు. నాకు మాత్రం కూర్చోవడం శిక్షలా ఉండేది. ఏదో ఒకటి చేయాలని చేతులు దురద పెట్టేవి. చేయడానికి ఏమీ లేదు.

అయిదో రోజో ఆరో రోజో ఆమె బయటకు వచ్చి మా పక్కన మెట్టు మీద కూర్చుంది. ముగ్గురం రోడ్డు వైపు చూస్తున్నాం. నాకు ఆ పాట ఇన్నిసార్లు విన్నాను కదా, గుర్తుంది కదా అనిపించింది. కూనిరాగం తీశాను. దొరసానమ్మ తల తిప్పి విన్నది. తల అడ్డంగా ఊపింది. "కాదు," అని తానే మొదలుపెట్టింది. రెండు మూడు చరణాల దాకా వెళ్లి, వేణువు వచ్చే చోట ఆగింది. ఆమెకూ గుర్తు రాలేదు. మళ్లీ మొదటి నుంచి అందుకుంది. మళ్లీ అక్కడే ఆగింది. అవ్వ తుంపుతున్న ఆకు పక్కన పెట్టి, ఆమె వీపు మీద చెయ్యి వేసింది.

వానలు మొదలయ్యాక దొరసానమ్మ వాళ్ల దేశానికి వెళ్లిపోయింది. పగిలిన రికార్డును చీరలో చుట్టి పెట్టెలో పెట్టుకోవడం నేను చూశాను. బస్సు ఎక్కే ముందు అవ్వను గట్టిగా పట్టుకుంది. నా బుగ్గ తట్టింది. నన్ను క్షమించిందో లేదో నాకు ఈ రోజుకీ తెలియదు. ఆ అట్ట మీది పేరు కూడా అప్పుడు చదవడం రాలేదు. ఈమధ్య నా మనవరాలు నేను చెప్పింది విని, అలాంటి సంగీతాన్ని ప్రోగ్రెసివ్ రాక్ అంటారని చెప్పి, ఫోనులో ఫ్రాన్సు వాళ్ల ఆల్బములు ఎన్నో వినిపించింది. వేణువులు ఉన్నాయి, దిగులూ ఉంది. ఆ గొంతు మాత్రం లేదు.

ఇప్పుడు నేను గండిపేటలో కూతురి దగ్గర ఉంటున్నాను. మా పక్క ఫ్లాటులో గుంటూరు నుంచి వచ్చిన జంట ఉంటారు. ఇద్దరివీ కంప్యూటరు ఉద్యోగాలు. పోయిన వేసవిలో ఆ అమ్మాయికి ఆరో నెలలో కడుపు పోయింది. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చిన రోజు నేను వెళ్లాను. ఫోనులో ఎవరెవరో ఆమెకు ధైర్యం చెబుతున్నారు, మళ్లీ పుడతారని అంటున్నారు. ఆమె ఫోను పక్కన పెట్టి, "టీ పెట్టనా ఆంటీ?" అని లేవబోయింది. వద్దమ్మా అని చాప మీద ఆమె పక్కన కూర్చున్నాను. అరవై ఏళ్లు దాటినా, అలాంటి చోట నాకు ఏదో ఒకటి చెప్పాలని నాలుక ఆడుతుంది, లేచి గిన్నెలైనా కడగాలని చేతులు లేస్తాయి. ఆ రోజూ లేచాయి. వాటిని ఒళ్లో పెట్టుకుని, ఆమె గోడకు తల ఆనించి కళ్లు మూసుకునేదాకా అలాగే ఉండిపోయాను.