స్కోరుబోర్డులో దాక్కున్న డ్వేన్

మోంటానాలో మా చిన్న లీగు బేస్‌బాల్ జట్టు బస్సు నేనే తోలేవాణ్ణి. డ్వేన్ హాల్వర్సన్‌లాంటి అవుట్‌ఫీల్డర్‌ని మళ్ళీ చూడలేదు. అతను మైదానం చివర కాపుకాస్తూ కంచె దగ్గర బంతి పట్టి విసిరాడంటే, పరిగెడుతున్నవాడు తోవలోనే ఆగి టోపీ తీసి దండం పెట్టేవాడు. కాన్వెంటు సిస్టర్ల దగ్గర చదువుకున్నవాణ్ణి, ఇందులో అబద్ధం సగానికి మించి ఉండదు.

అంతటివాడికీ క్లెమ్ అంటే హడలు. క్లెమ్ మా సామాన్లు చూసుకునే ముసలాయన. మా మేనేజర్ని అందరం బాస్ అనేవాళ్ళం. "బాస్ పిలుస్తున్నాడు" అని భుజం తట్టాడంటే ఆ ఆటగాణ్ణి జట్టులోంచి తీసేసినట్టే, పెట్టె సర్దుకోవాల్సిందే. పాత జట్టులో డ్వేన్‌ని అలాగే, నోట్లో శాండ్‌విచ్ ఉండగా తట్టి పంపేశారు. అప్పటినుంచి గోడకు వీపు ఆనించకుండా తినేవాడు కాదు.

ఒక ఆగస్టులో అతని బ్యాటుకు బంతి తగలడం మానేసింది. ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం క్లెమ్ నా దగ్గరికి వచ్చాడు.

"డ్వేన్ ఏడ్రా? బాస్ పిలుస్తున్నాడు."

ఆ మాట చెవిన పడగానే డ్వేన్ మాయమయ్యాడు. మైదానం చివరి చెక్క స్కోరుబోర్డులో దూరి, అంకెల పలకల మధ్య మోకాళ్ళు కావలించుకుని కూర్చున్నాడు. మైకులో తన పేరు వినబడ్డప్పుడల్లా ఊపిరి బిగబట్టేవాడినని తర్వాత నాతో చెప్పాడు.

ఇక్కడ బాస్ చిందులు తొక్కుతున్నాడు.

"తాటిచెట్టంత మనిషిని పోగొట్టావా ముసలోడా!"

"మీరు పిలిస్తే యముడు పిలిచినట్టుంటది బాస్. ఎవడు నిలబడతాడు? సంగతేంటో మైకులో చెప్పించండి."

"కబురేదైనా నా గది తలుపు వెనకే చెప్పాలి. అదే ఆనవాయితీ. పెద్ద లీగులో ఆడే మన పైజట్టులో ఒకడి కాలు విరిగింది, వీణ్ణి అడిగారు. విమానం వెళ్ళిపోతోంది. వీడి బదులు ఓటిస్‌ని ఎక్కించు."

సాయంత్రం పైఊరి ఆటకు బయల్దేరుతూ నేను బస్సు హారన్ కొట్టాక డ్వేన్ జుట్టునిండా సాలెగూళ్ళతో వచ్చాడు. బాస్ జరిగింది చెప్పాడు. డ్వేన్ ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"అయితే నన్ను తీసెయ్యలేదా బాస్?"

మొహం వెలిగిపోయింది. బస్సు కనుమ ఎక్కుతుంటే అద్దంలో చూశాను. ఆ వెలుగు ఆరిపోయింది. కిటికీలోంచి విమానం పోయిన దిక్కే చూస్తున్నాడు.

పైజట్టు మళ్ళీ అడగలేదు. కొన్నేళ్ళకు క్లెమ్ నిజంగానే భుజం తట్టాడు. ఆ రోజు డ్వేన్ గదికి నడిమధ్య కూర్చుని తింటున్నాడు. శాండ్‌విచ్ చివరి ముక్కదాకా నమిలి మింగి, అప్పుడు లేచాడు.