మోదుగాకు మీద పొడి బియ్యం

నా చిన్నప్పుడు కేసముద్రం దగ్గరి మా పల్లెలో ఠాణా లేదు. ఉన్నదల్లా మా తాతే. ఆయన పోలీస్ పటేల్. తప్పు ఎవరిదో తేల్చేదీ ఆయనే, వీపు చిట్లగొట్టించేదీ ఆయనే.

ఆ ఊళ్లోనే దరీల మామ ఉండేవాడు. కరువులో మార్కెట్ యార్డు నుంచి జొన్నల బస్తా ఎత్తుకుపోయి జైలుకు వెళ్లినవాడు. జైల్లో ఆయనకు దరీలు, అంటే జంపఖానాలు నేయడం నేర్పారు. శిక్ష ముగించుకొని వచ్చి, గుడిసె ముందు మగ్గం వేసుకొని, ఎర్ర చారల దరీలు నేసి స్టేషను దగ్గర అమ్ముకునేవాడు. దారాల మధ్య ఆ వేళ్లు ఆడుతుంటే మేం బడి ఎగ్గొట్టి మరీ చూసేవాళ్లం. అంత చక్కని పని చేతిలో ఉన్నవాడికి మళ్లీ దొంగతనం ఎందుకు? ఆ మాట మా పెద్దలెవరికీ తట్టలేదు.

ఒక ఎండాకాలం మా మేనత్త వెండి కడియాలు కనిపించకుండా పోయాయి. దొంగను పట్టడానికి మా ఊళ్లో ఒక పద్ధతి ఉండేది. ఎల్లమ్మ ముందు పెట్టి తెచ్చిన బియ్యాన్ని అనుమానం ఉన్నవాళ్ల చేత నమిలించి, మోదుగాకు మీద ఉమ్మించేవారు. తడిగా ఉంటే మంచివాడు, పొడిగా ఉంటే దొంగ. మా జీతగాళ్లందరిదీ తడిగానే వచ్చింది. దరీల మామది పొడిపొడిగా రాలింది.

"భయానికి నోరెండింది పటేలా! నీ కాల్మొక్త, నేను ముట్టలే!" అని మొత్తుకున్నాడు.

"జైలు కూడు తిన్నోనివి, నీకు గాక ఇంకెవలికి ఎండుతదిరా?" అన్నాడు తాత. దరీల మామ వేళ్లను మంచం కోళ్ల కింద పెట్టించి, ఆ మంచం మీద తానే కూర్చొని చుట్ట ముట్టించాడు. అరిచి అరిచి దరీల మామ గొంతు పోయింది. చుట్ట అయిపోయేదాకా తాత లేవలేదు.

నేను లోపలికి ఉరికి, దొంగ దొరికాడని మా నాయనమ్మకు సంబరంగా చెప్పాను. ఆమె నన్ను ఎగాదిగా చూసి, నా నోట్లో గుప్పెడు బియ్యం పోసింది.

"ఉట్టి మీద మీగడ నువ్వే తిన్నవని తాత అంటుండు. పొడిగ ఉమ్మితే నీ ఏళ్లు గూడ మంచం కింద పెడ్తడట. నములు."

అయ్యో, నేను మీగడ జోలికే పోలేదు! గుండె దడదడలాడింది. ఎంత నమిలినా నోట్లో చుక్క ఊరలేదు. ఉమ్మితే పొడిగానే పడింది.

"చూసినవా? నువ్వు గూడ దొంగవే" అంది నాయనమ్మ.

అప్పటికి నాకు అర్థమై, ఏడుస్తూ అడిగాను. "మరి తాతకు ఎందుకు చెప్తలేవే?"

"నా మాట ఇంటడా బిడ్డా" అని పొయ్యి ముందు కూర్చుంది. నాకు ఒళ్లు మండిపోయింది. ఇప్పటికీ మండుతుంది. నిజం తెలిసిన పెద్దమనిషి ఆమె ఒక్కతే, ఆమె గడప దాటలేదు.

తొలకరికి విత్తనాల గుమ్మి తెరిస్తే అడుగున కడియాలు దొరికాయి. దొంగల భయంతో మేనత్తే దాచి మరిచిపోయిందట. ఇంటిల్లిపాదీ నవ్వుకున్నారు. తాత దరీల మామను పిలిపించి, అయిందేదో అయింది, మళ్లీ నేసుకొమ్మన్నాడు. ఆయన వేళ్లు కొంకర్లు పోయి అన్నం ముద్ద కూడా ఎత్తలేకపోతున్నాయి. మగ్గం కట్టెలు ఆయన ఇంట్లోవాళ్లు అప్పటికే పొయ్యిలో పెట్టుకున్నారు.

"జైలే నయముండె పటేలా. ఆడ శిక్షకు ఆఖరి దినం అనేది ఒకటుండె" అన్నాడు ఆయన. తాత విననట్టే లోపలికి వెళ్లిపోయాడు.

ఈ వయసులోనూ ఆ మాట నన్ను వదల్లేదు. జైలు నుంచి వచ్చినవాణ్ని ఎవరైనా నడివీధిలో నిలబెట్టి చెయ్యెత్తి గద్దిస్తుంటే నేను ఇంట్లో కూర్చోను. పోయి అడ్డం నిలబడి, "వాని శిక్ష అయిపోయింది, చెయ్యి దించు" అంటాను. ముసలిదానికి పిచ్చి లేచిందంటారు. అననీ.