బూందీ గరిటెతో సూర్యగ్రహణం

నా చదువుకు తొమ్మిదో తరగతిలో పట్టిన గ్రహణం ఇంతవరకూ విడవలేదు. అసలు గ్రహణాన్ని మాత్రం నేనెప్పుడూ చూడలేదు. చిన్నప్పుడు తలుపులేసి కూర్చోబెట్టేవారు. అందుకే బెర్లిన్‌లో వంటవాడిగా ఉండగా, దీపావళి మర్నాడు పట్టిన సూర్యగ్రహణాన్ని చూసి తీరాలనుకున్నాను.

కరోనా వల్ల రెండేళ్లు ఆగి, అప్పుడే మా ఇంటికొచ్చిన అత్తగారు కిటికీలన్నీ మూసేశారు.

“గ్రహణం చూడకూడదు అల్లుడుగారూ!”

“సూర్యుణ్ని నా వీపు చూస్తుందండీ. నేను గోడ మీద నీడ చూసుకుంటాను.”

లడ్డూలకు వాడిన బూందీ గరిటెతో బాల్కనీలోకి వెళ్లి, ఎండకు వీపు తిప్పి, గరిటె ఎత్తి పట్టుకున్నాను. చిల్లుల్లోంచి గోడ మీద పడ్డ ప్రతి వెలుగుచుక్కా కొరికిన బూందీలా ఉంది. అన్నీ సూర్యుళ్లే! పక్క బాల్కనీలో గ్రహణం అద్దాలు పెట్టుకున్న జర్మన్ ముసలావిడ చప్పట్లు కొట్టింది.

గర్వంగా లోపలికి వెళ్లబోతే తలుపుకు లోపల గడియ!

“అత్తయ్యగారూ, డ్యూటీకి టైమవుతోంది, తీయండి!”

“విడుపు స్నానం చేయందే లోపలికి రానివ్వను.”

“చూస్తే కదా స్నానం! చేయను గాక చేయను!”

తలుపు తెరుచుకుంది. అక్టోబరు చలిలో బకెట్టెడు చన్నీళ్లు నెత్తిన పడ్డాయి. ముసలావిడ ఈసారి ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టింది.

పనిలో తుమ్మగానే ఓనరు టెస్టు చేయించుకోమని ఇంటికి పంపేశాడు. కరోనా లేదు. ఎన్ని బకెట్లు పోసినా సరే, ఇక గ్రహణం రోజున తలుపు వెనక కూర్చోను. అదే చెప్పి అత్తగారిని నిలదీశాను.

“నేను చూసింది నీడే కదండీ, నీళ్లెందుకు పోశారు?”

“నేనూ మీ నీడ మీదే పోశాను అల్లుడుగారూ. మధ్యలో మీరే అడ్డొచ్చారు.”