సుజాత ఆంటీ వాళ్ల చెల్లెలు వచ్చారహో!

ఈ రోజు నుంచి నేను విలేకరిని! నవ్వకండి, నిజంగానే.

పొద్దున లైబ్రరీలో, మేముంటున్న ఈ పరదేశంలోని చిన్న ఊళ్ల పాతకాలం పేపర్లు తిరగేశాను. ఒక కాలమ్ నిండా ఇవే కబుర్లు: ఫలానా శ్రీమతి గారింటికి అక్కగారు వచ్చారు, పది రోజులుంటారు. ఇదీ ఒక వార్తేనా అని ఒక్కదాన్నే నవ్వుకున్నాను. నా బ్లాగులో నిన్నటి పోస్టు మా ఫ్లాట్‌లో కుండీలో కాసిన మొదటి పచ్చిమిరపకాయ గురించి అన్న సంగతి అప్పుడు గుర్తే రాలేదు.

సాయంత్రం మా రిక్కార్టన్ వీధి చివర, ఇక్కడివాళ్లు డెయిరీ అనే చిన్న కొట్లో పాలు కొంటుంటే, పక్కింటి సుజాత ఆంటీ వచ్చి చెయ్యి పట్టుకున్నారు.

“మా చెల్లె పద్మ వరంగల్ నుంచి వచ్చింది. జర నీ బ్లాగుల రాయి.”

“అదెవరు చదువుతారాంటీ?”

“చదివి ఊకుంటరా? ఇంటికి పిలుస్తరు. మేం డ్యూటీకి పోతే అది పొద్దంత ఒక్కతే కిటికీ కాడ కూసుంటున్నది.”

ఆ పాత కాలమ్ ఎందుకు వేసేవారో అప్పుడు తెలిసింది! పరుగున ఇంటికొచ్చి రాస్తున్నాను.

రిక్కార్టన్ వార్త: సుజాత గారింటికి వరంగల్ నుంచి చెల్లెలు పద్మ గారు విచ్చేశారు. నెల రోజులుంటారు. ఎయిర్‌పోర్టు తనిఖీ దాటుకుని సకినాలు కూడా క్షేమంగా చేరాయి. రేపు మధ్యాహ్నం ఆవిడ భోజనం మా ఇంట్లో.

ఎల్లుండి ఎవరింట్లో? కామెంట్లో చెప్పండి, అది కూడా వార్తే!